పైరుకు వేసిన జింక్ పళ్లెం దాకా వస్తుందా?

రేషన్ బియ్యం కడిగేటప్పుడు కొన్ని గింజలు నీళ్లపై తేలడం, మిగతా వాటికన్నా కాస్త వేరే రంగులో ఉండటం చూసి "ప్లాస్టిక్ బియ్యం" అని కంగారుపడ్డ ఇళ్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. అవి ప్లాస్టిక్ కాదు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, విటమిన్ బి12 కలిపి, యంత్రంలో మళ్లీ గింజ ఆకారంలో తీసిన పలుకులు. వంద గింజలకు ఒకటి చొప్పున వీటిని మామూలు బియ్యంలో కలుపుతారు. 2021లో కేంద్రం ప్రకటించిన ఈ పద్ధతి 2024 మార్చి నాటికి దేశమంతటా రేషన్ షాపులకు చేరింది.

ఆ కంగారు తగ్గాక చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. ఫ్యాక్టరీలో చేసి కలిపే బదులు, పొలంలోనే బలమైన గింజ పండించలేమా? ఎరువు, నీరు, పిచికారీ సమయం మార్చి గింజలో పోషకాలు పెంచవచ్చా? దీనిపై మూడు దశాబ్దాలుగా చాలా దేశాల్లో ప్రయోగాలు జరిగాయి. జవాబు పోషకాన్ని బట్టి, పంటను బట్టి మారుతుంది.

క్లుప్తంగా

సాగు పద్ధతులతో గింజలో జింక్, సెలీనియం (ఒంటికి అతి కొద్దిగా కావలసిన మరో ఖనిజం) బాగా పెంచవచ్చు. ఇనుము పెంచడం కష్టం. గోధుమలో వచ్చిన ఫలితం వరిలో సగం కూడా రాలేదు. దిగుబడి కోసం జింక్ వేసే సమయం, గింజలో జింక్ కోసం వేసే సమయం వేర్వేరు. ప్రస్తుతం సిఫార్సులన్నీ మొదటిదాని చుట్టూనే ఉన్నాయి. గింజలోకి ఎక్కించిన దానిలో కొంత మిల్లులో తవుడుతో పోతుంది. కొనుగోలు కేంద్రంలో పోషకాన్ని కొలిచేవారు లేరు కాబట్టి రైతుకు దాని ధర రాదు.

మన అన్నంలో ఉన్నదెంత

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల తెల్ల బియ్యంలో జింక్ 1.21 మిల్లీగ్రాములు, ఇనుము 0.65 మిల్లీగ్రాములు ఉంటాయి. సజ్జల్లో ఇనుము 6.42, జింక్ 2.76. జొన్నల్లో ఇనుము 3.95, జింక్ 1.96. రాగుల్లో ఇనుము 4.62, జింక్ 2.53, వాటికి తోడు కాల్షియం 364 మిల్లీగ్రాములు. మన ప్రధాన ఆహారం జొన్న, సజ్జ, రాగి నుంచి వరికి మారినప్పుడు కడుపు నిండటం సులువైంది. అదే కడుపులోకి వెళ్లే ఖనిజాలు మాత్రం తగ్గాయి.

అదే సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం వయోజన మహిళకు రోజుకు 13.2 మిల్లీగ్రాముల జింక్, 29 మిల్లీగ్రాముల ఇనుము అవసరం. రోజుకు 300 గ్రాముల బియ్యం తింటే అందే జింక్ 3.6 మిల్లీగ్రాములు, అంటే అవసరంలో నాలుగో వంతుకు కాస్త ఎక్కువ. ఇనుము రెండు మిల్లీగ్రాములు కూడా రాదు. పప్పు, ఆకుకూర, గుడ్డు, మాంసం, పాలు రోజూ దొరికే ఇంట్లో ఈ లోటు చాలావరకు పూడుతుంది. అన్నం, పలుచని చారు, పచ్చడితో పూట గడిచే ఇంట్లో పూడదు. అందుకే గింజలోని పోషకం గురించి మాట్లాడటం ముందుగా పేదింటి పళ్లెం గురించి మాట్లాడటమే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. రక్తహీనతకు ఇనుము లోపం ఒక్కటే కారణం కాదు. జింక్ లోపాన్ని అంత తేలిగ్గా లెక్కపెట్టే పద్ధతి కూడా లేదు. పిల్లల ఎదుగుదల కుంటుపడటంలో, పదేపదే విరేచనాలు, న్యుమోనియా రావడంలో అది కనిపిస్తుంది. రేషన్ బియ్యంలో కలిపే పలుకుల్లో జింక్ తప్పనిసరి కాదు, ఐచ్ఛికం మాత్రమే. పొలంలో పెంచదగ్గ పోషకం సరిగ్గా అదే.

తగ్గింది నేలలోనా, గింజలోనా

"నేల సారం పోయింది, అందుకే గింజలో బలం లేదు" అనే మాట తరచుగా వినిపిస్తుంది. ఇందులో కొంతే నిజం. ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ పరిశోధన క్షేత్రంలో 1843 నుంచి ఒకే పొలంలో గోధుమ పండిస్తున్నారు. ప్రతి కాలంనాటి గింజలనూ, మట్టినీ దాచారు. ఆ పాత నమూనాలను పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు. గింజలో జింక్, ఇనుము, రాగి, మెగ్నీషియం 1960ల మధ్య వరకు దాదాపు నిలకడగా ఉన్నాయి. పొట్టి రకాలు, అధిక దిగుబడి వంగడాలు వచ్చాక పడిపోయాయి. అదే పొలం మట్టిలో మాత్రం ఆ ఖనిజాలు తగ్గలేదు.

కారణం పలచబడటం. మొక్క కిందటి కన్నా ఎక్కువ పిండిపదార్థాన్ని గింజల్లో నింపుతోంది. వేళ్లు తీసుకునే జింక్ మాత్రం ఆ లెక్కన పెరగలేదు. అదే చెంచా చక్కెరను ఒక గ్లాసు నీళ్లకు బదులు గ్లాసున్నర నీళ్లలో కలిపినట్టు. దిగుబడి పెంచిన వంగడాలను తప్పుపట్టే మాట కాదిది. ఆకలి తీర్చింది అవే. వంగడాలను ఎంచుకునేటప్పుడు గింజలోని ఖనిజాలను కొలవాలన్న ఆలోచన అప్పటికి రాలేదంతే.

గాలి కూడా మారుతోంది. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువైన గాలిలో పండించిన పైర్లను పరీక్షించి 2014లో ప్రచురించిన అంతర్జాతీయ విశ్లేషణలో గోధుమలో జింక్ 9.3 శాతం, వరిలో 3.3 శాతం తగ్గినట్టు తేలింది. ఈ శతాబ్దం మధ్యకు రావచ్చని అంచనా వేస్తున్న స్థాయి కార్బన్ డయాక్సైడ్‌తో చేసిన ప్రయోగాలవి.

ఇక నేల సంగతి. మన దేశంలో పరీక్షించిన మట్టి నమూనాల్లో మూడో వంతుకు పైగా జింక్ లోపం కనిపించింది. లోపం అంటే అసలు లేకపోవడం అని కాదు. చాలా నేలల్లో మొత్తం జింక్ సరిపడా ఉంటుంది. వేరుకు అందే రూపంలో ఉండదు.

వరి మడిలో జింక్ ఏమవుతుంది

ఈ చిక్కు వరిలో ఎక్కువ. మడిలో నీళ్లు నిలిపిన కొద్ది రోజులకే మట్టిలోని ఆక్సిజన్ అయిపోతుంది. ఆ తర్వాత మట్టిలోని సూక్ష్మజీవులు సల్ఫేట్‌ను సల్ఫైడ్‌గా మారుస్తాయి. ఆ సల్ఫైడ్ జింక్‌ను పట్టుకుని నీటిలో కరగని పదార్థంగా చేస్తుంది. మరోవైపు నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ వల్ల బైకార్బనేట్లు పేరుకుని వేరు పనికి అడ్డుపడతాయి. సున్నం ఎక్కువున్న నల్లరేగడిలోనూ, చౌడు నేలల్లోనూ క్షార గుణం (పీహెచ్) ముందే ఎక్కువ కాబట్టి జింక్ ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది.

దీనికి భాస్వరం తోడవుతుంది. ఏటా అలవాటుగా డీఏపీ, కాంప్లెక్స్ లాంటి భాస్వరం ఉన్న ఎరువులు వేయడం వల్ల చాలా పొలాల్లో భాస్వరం అవసరానికి మించి పేరుకుంది. అది రెండు చోట్ల దెబ్బతీస్తుంది. మట్టిలో, వేరులో జింక్ కదలికను తగ్గిస్తుంది. గింజలోకి వెళ్లి ఫైటేట్ రూపంలో నిలవ ఉంటుంది. ఈ ఫైటేట్ మన పేగుల్లో జింక్‌నూ, ఇనుమునూ పట్టుకుని ఒంటికి పట్టనివ్వదు. కాబట్టి పరీక్ష చేయించకుండా వేసే అదనపు డీఏపీ బస్తా డబ్బు దండగే కాదు, గింజ విలువనూ తగ్గించగలదు. మట్టి పరీక్ష ఫలితం చూసి భాస్వరం తగ్గించడం ఖర్చు లేని మేలు. పోషకాల చర్చలో దీని ప్రస్తావన రావాల్సినంతగా రావడం లేదు.

జింక్ లోపం పైరు మీద ఎలా కనిపిస్తుందో వరి రైతులకు కొత్తేమీ కాదు. ఆకు మధ్య ఈనె మొదలు దగ్గర పాలిపోతుంది. ముదురు ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వస్తాయి. దుబ్బు గిడసబారి పిలకలు తగ్గుతాయి. ఉత్తరాదిన దీన్ని ఖైరా తెగులు అంటారు. ఇది తెగులు కాదని, జింక్ లోపమని 1960ల మధ్యలో పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త వై.ఎల్. నెనె తేల్చారు. అప్పటి నుంచే మన దేశంలో వరికి జింక్ సల్ఫేట్ వేయడం ఊపందుకుంది.

తడి-ఆరుతడి పద్ధతిలో నీళ్లు పెడితే మట్టికి గాలి ఆడి జింక్ కొంత విడుదలయ్యే వీలుంది. నీరూ ఆదా అవుతుంది, గింజలో ఆర్సెనిక్ కూడా తగ్గుతుంది. అయితే నేలలో కాడ్మియం అనే విష లోహం ఉన్న చోట ఆరబెట్టిన మడిలో అది గింజలోకి ఎక్కువగా ఎక్కుతుంది. పరిశ్రమల వ్యర్థాలు కలిసిన నీటితో సాగయ్యే పొలాల్లో ఈ సంగతి చూసుకోవాలి.

ఒకే జింక్, రెండు పనులు

అసలు గందరగోళమంతా ఇక్కడే. మన వ్యవసాయ సిఫార్సుల్లో జింక్ ఎప్పటి నుంచో ఉంది. నాట్లకు ముందు ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేయమంటారు. పైరు మీద లోపం కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున కలిపి, కొన్ని రోజుల తేడాతో రెండు మూడు సార్లు పిచికారీ చేయమంటారు. ఇవి మంచి సిఫార్సులే. లోపమున్న నేలలో పిలకలు పెరుగుతాయి, దిగుబడి నిలబడుతుంది.

కానీ ఇలా మొదట్లో వేసిన జింక్ గింజలోకి పెద్దగా చేరదు. మొక్క దాన్ని వేరు, ఆకు, కాండం పెంచుకోవడానికి వాడుకుంటుంది. దిగుబడి పెరిగితే గింజలో జింక్ ఇంకాస్త పలచబడనూ వచ్చు. గింజను బలపరచాలంటే గింజ తయారయ్యే వేళకే జింక్ ఆకు మీద అందుబాటులో ఉండాలి. ప్రయోగాల్లో ఫలితమిచ్చిన పద్ధతి ఏమిటంటే, అర శాతం జింక్ సల్ఫేట్ ద్రావణాన్ని, అంటే లీటరుకు 5 గ్రాముల చొప్పున, పొట్ట దశలో (వెన్ను ఇంకా ఆకు తొడుగులో ఉన్నప్పుడు) ఒకసారి, గింజ పాలు పోసుకునేటప్పుడు ఒకసారి పిచికారీ చేయడం. ఆకు పీల్చుకున్న జింక్ అప్పుడు పిండిపదార్థంతో పాటు గింజలోకి ప్రయాణిస్తుంది.

ఈ ఆలస్యపు పిచికారీ వల్ల దిగుబడిలో చెప్పుకోదగ్గ తేడా రాదు. లాభం తినేవారికి. ఖర్చు రైతుది. ఈ ఒక్క విషయం అర్థమైతే, ఇంత సులువైన పద్ధతి ఎందుకు వ్యాపించలేదో కూడా అర్థమవుతుంది.

నత్రజని పాత్ర కూడా ఉంది. గింజలో జింక్, ఇనుము నిలవ ఉండేది ఎక్కువగా ప్రోటీన్‌తో కలిసి. నత్రజని చాలని మొక్కలో జింక్ మోసే వ్యవస్థ, దాచుకునే చోటు రెండూ తగ్గుతాయి. గోధుమ ప్రయోగాల్లో నత్రజని సరిపడా ఉన్నప్పుడే జింక్ పిచికారీ పూర్తి ఫలితమిచ్చింది. దీన్ని యూరియా ఇంకా గుమ్మరించమని అర్థం చేసుకోకూడదు. వరిలో నత్రజని మితిమీరితే పైరు పడిపోతుంది, అగ్గి తెగులు పెరుగుతుంది. ఎంత వేశాం అన్నదానికన్నా విడతలుగా, వెన్ను మొదలయ్యే అంకురం దశ దాకా సర్ది వేశామా అన్నదే ముఖ్యం.

గోధుమలో గెలుపు, వరిలో సగం గెలుపు

భారత్‌తో సహా ఏడు దేశాల్లో గోధుమ మీద చేసిన ప్రయోగాల ఫలితాలు 2012లో వచ్చాయి. జింక్ పిచికారీతో గింజలో జింక్ సగటున కిలోకు 27 మిల్లీగ్రాముల నుంచి 48కి చేరింది. నేలలో మాత్రమే వేసినప్పుడు పెద్దగా మారలేదు. అదే ఏడాది వరి ఫలితాలూ వచ్చాయి. భారత్, చైనా, లావోస్, థాయిలాండ్, టర్కీల్లో చేసిన ఆ ప్రయోగాల్లో ముడి బియ్యంలో (ఊక తీసి పాలిష్ పట్టని బియ్యం) పెరుగుదల సుమారు 25 శాతం మాత్రమే. వరిలో పిచికారీ చేసిన జింక్ చాలావరకు ఊకలోనే ఆగిపోతుంది. ఊకను ఎవరూ తినరు.

25 శాతం అంటే పళ్లెంలో ఎంత? ఆ పెరుగుదల మొత్తం తెల్ల బియ్యంలోనూ నిలిచిందనుకున్నా, 300 గ్రాముల బియ్యం నుంచి వచ్చే జింక్ 3.6 నుంచి 4.5 మిల్లీగ్రాములకు చేరుతుంది. అదనంగా వచ్చింది ఒక మిల్లీగ్రాము కన్నా తక్కువ. చిన్నదే. కానీ ఎవరూ తిండి మార్చుకోకుండా, కొత్తగా ఏమీ కొనకుండా రోజూ వచ్చేది. పెద్ద పరిష్కారంగా ప్రచారం చేయడం తప్పు, కొట్టిపారేయడమూ తప్పే.

ఆరోగ్యంలో తేడా కనిపిస్తుందా అన్నది మరో ప్రశ్న. ఢిల్లీలో పిల్లలకు, మహిళలకు జింక్ ఎక్కువున్న గోధుమపిండి ఇచ్చి చూసిన అధ్యయనం 2018లో ప్రచురితమైంది. రక్తంలో జింక్ స్థాయి స్పష్టంగా మారలేదు. అయినా పిల్లలు న్యుమోనియాతో బాధపడిన రోజులు 17 శాతం తగ్గాయి. ఒక్క అధ్యయనంతో తేల్చేసే విషయం కాదు గానీ, దారి సరైనదేనని చూపింది.

ఇనుము ఎందుకు ఎక్కదు

మన నేలల్లో ఇనుముకు కొదవ లేదు, ఎర్ర నేలల ఎరుపు దానివల్లే. అన్నభేది (ఇనుము లవణం) పిచికారీ చేస్తే పాలిపోయిన ఆకు పచ్చబడుతుంది కూడా. గింజలోకి మాత్రం పెద్దగా వెళ్లదు. ఇనుము ఎక్కువైతే మొక్కకే విషం కాబట్టి, దాని రాకపోకలను మొక్క గట్టిగా అదుపులో పెట్టుకుంటుంది. గింజలో చేరిన కాస్తా పై పొరల్లో ఉంటుంది, అది తవుడుతో పోతుంది. అందుకే ఇనుము విషయంలో బియ్యంలో కలపడం, మాత్రలు, వంగడాల మార్పు, ఆహార వైవిధ్యం ఇవే దారులు. జింక్‌కు పనిచేసిన సూత్రం ఇనుముకూ పనిచేస్తుందని చెప్పే అమ్మకపు ప్రకటనలను నమ్మనక్కర్లేదు.

ఫిన్లాండ్ బస్తాలో పెట్టింది

ఎరువుతో ఒక దేశం మొత్తానికీ పోషకం అందించిన ఉదాహరణ ఫిన్లాండ్. అక్కడి నేలల్లో మొక్కకు అందే సెలీనియం చాలా తక్కువ. 1984లో ఆ ప్రభుత్వం కాంప్లెక్స్ ఎరువులన్నిటిలో సెలీనియం కలపాలని నిర్ణయించింది. ధాన్యపు పైర్ల ఎరువులో కిలోకు 16 మిల్లీగ్రాములతో మొదలుపెట్టారు. తిండిలో సెలీనియం రోజుకు సుమారు 40 మైక్రోగ్రాముల నుంచి 100 దాటింది. పెరుగుదల అనుకున్నదానికన్నా ఎక్కువగా ఉందని 1990లో మోతాదును 6కి తగ్గించారు, మళ్లీ చాలకపోతే పెంచారు. మట్టి, నీరు, పశుగ్రాసం, ఆహారం, జనం రక్తం అన్నిటినీ ఏటేటా కొలుస్తూ వచ్చారు. ఎక్కువైతే సెలీనియం హాని చేస్తుంది కాబట్టి ఆ కొలతే ఈ పథకానికి ప్రాణం.

టర్కీ కథ వేరు. మధ్య అనటోలియాలో గోధుమ పొలాలకు జింక్ లోపమే పెద్ద సమస్యని 1990ల్లో శాస్త్రవేత్త ఇస్మాయిల్ చక్మక్ బృందం చూపింది. జింక్ వేసిన పొలాల్లో దిగుబడి కళ్ల ముందే పెరిగింది. దాంతో రైతులే అడిగి కొనడం మొదలుపెట్టారు, జింక్ కలిపిన ఎరువుల వాడకం లక్షల టన్నులకు పెరిగింది.

ఫిన్లాండ్‌లో రైతు వేరే నిర్ణయం తీసుకోనక్కర్లేదు, పోషకం బస్తాలోనే ఉంది. టర్కీలో రైతుకు దిగుబడి రూపంలో లాభం ఉంది. వరిలో ఆలస్యపు జింక్ పిచికారీకి ఈ రెండూ లేవు. మన దేశంలో జింక్ కలిపిన ఎరువులకు టన్నుకు 500 రూపాయల అదనపు రాయితీ ఉంది, జింక్ పూసిన యూరియాకూ అనుమతి ఉంది. ఇవన్నీ నేలలో వేసే రూపాలు. దిగుబడికి మేలు, గింజకు కొద్దిగా.

మిల్లు, కొనుగోలు కేంద్రం

గింజలోకి ఎక్కిన జింక్ పళ్లెం చేరేలోపు మిల్లును దాటాలి. పోషకాహార సంస్థ పట్టికల్లోనే ముడి బియ్యంలో జింక్ 1.68 మిల్లీగ్రాములైతే తెల్ల బియ్యంలో 1.21. ఇనుము 1.02 నుంచి 0.65కి పడిపోతుంది. విటమిన్ బి1 అయితే 0.27 నుంచి 0.05కి. నాలుగు నెలలు పొలంలో పడ్డ శ్రమ కన్నా పాలిష్ ఒక మెట్టు తగ్గించడం కొన్ని పోషకాలకు ఎక్కువ మేలు చేస్తుంది. దంపుడు బియ్యం తిన్న తరానికి ఇది అనుభవంలో ఉన్న సంగతే. అయితే తవుడులోని నూనె వల్ల అలాంటి బియ్యం త్వరగా ముక్కిపోతుంది, నెలల తరబడి గోదాముల్లో ఉంచే రేషన్ వ్యవస్థకు అది నిజమైన ఇబ్బంది.

ధర సంగతి ఇంకా తేటగా కనిపిస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2024 వానాకాలం నుంచి సన్న వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ప్రకటించింది. రైతులు సన్నాల వైపు మళ్లారు. గింజ లక్షణానికి ధర కడితే సాగు మారుతుందని దీనితో రుజువైంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటిందా, తాలు, మట్టి ఎంత, రంగు మారిందా అని చూస్తారు. జింక్ ఎంతో చూడరు, కంటికి కనిపించదు కూడా. కానీ ఎక్స్‌రే కిరణాలతో ఖనిజాలను కొలిచే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రంతో గింజను కరిగించకుండా నిమిషాల్లో కొలవవచ్చు. వంగడాల పరిశోధనలో ఈ పద్ధతి ఇప్పటికే వాడుకలో ఉంది.

వంగడం, పిచికారీ కలిస్తే

సాగు పద్ధతి ఒక్కటే మోయలేని బరువును వంగడం పంచుకోగలదు. రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ విడుదల చేసిన డీఆర్‌ఆర్ ధన్ 45 రకంలో పాలిష్ పట్టాక కూడా కిలోకు 22.6 మిల్లీగ్రాముల జింక్ ఉంటుంది. మామూలు రకాల్లో 12 నుంచి 16. అదే 300 గ్రాముల లెక్కన ఇది 6.8 మిల్లీగ్రాములు, అంటే మహిళ అవసరంలో సగం. పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ భాగస్వామ్యంతో వచ్చిన ధనశక్తి సజ్జలో ఇనుము కిలోకు 71 మిల్లీగ్రాములు. అయితే జింక్ అందని నేలలో జింక్ రకం వేసినా గింజలో జింక్ తక్కువే ఉంటుంది. వంగడం దారి తెరుస్తుంది, దారిలో నడవాల్సిన సరుకును నేలా పిచికారీయే అందించాలి. ఈ రెండింటినీ పోటీదారులుగా చూపే వాదనలు అందుకే నిలవవు.

పిచికారీ ఖర్చు తగ్గించే దారి కూడా పొలంలోనే ఉంది. పొట్ట దశ నుంచి ఈనే దశ వరకు మెడవిరుపుకో, పొడ తెగులుకో, దోమకో రైతు ఎలాగూ ఒకసారి మందు కొడతాడు. చాలా మందులతో జింక్ సల్ఫేట్ కలిపి కొట్టినా రెండింటి పనితనం తగ్గలేదని పలు దేశాల ప్రయోగాల్లో తేలింది. ఏ మందుతో కలుస్తుందో ముందు కొద్దిగా కలిపి, విరిగిపోతుందేమో చూసుకోవాలి. భాస్వరం ఉన్న నీటి ఎరువులతో మాత్రం కలపకూడదు. ఇలా చేస్తే కూలి ఖర్చు విడిగా పడదు, మిగిలేది జింక్ సల్ఫేట్ ధర మాత్రమే. పైగా జింక్ నిండిన గింజను విత్తనంగా వాడితే లోపమున్న నేలలో నారు బలంగా మొలుస్తుంది. కాబట్టి విత్తన వరి పండించే కరీంనగర్, వరంగల్ ప్రాంతాల రైతులకు ఇందులో సొంత లాభమూ ఉంది. మొదలుపెట్టడానికి అదే అనువైన చోటు. ఆ తర్వాత అంగన్‌వాడీలకు, హాస్టళ్లకు వెళ్లే బియ్యంలో కొంత భాగాన్ని జింక్ కొలిచి, సన్నాలకు ఇచ్చినట్టే బోనస్ ఇచ్చి కొంటే, ఆలస్యపు పిచికారీకి అయ్యే ఖర్చు మొదటిసారిగా రైతు జేబు నుంచి కాకుండా తినేవారి తరఫున ప్రభుత్వం నుంచి వస్తుంది.